ప్లాట్‌ఫారం మార్చితే రైలు ఆగాల్సిందే

కదులుతున్న రైలు ఎక్కబోయి కాలు జారిన మనిషిని ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ చటుక్కున ఇవతలికి లాగేసే వీడియోలు మనందరి ఫోన్లలోకీ తరచూ వస్తూనే ఉంటాయి. రైల్వే రక్షణ దళం ఈ పనికి ఆపరేషన్ జీవన్ రక్ష అని పేరు కూడా పెట్టుకుంది. అలా కాపాడిన వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి, అందులో రెండో మాట లేదు. నా బాధంతా ఆ వీడియో చూసినవాళ్ళు అనే మాటల గురించి. "ఓ పది నిమిషాలు ముందు బయల్దేరితే ఏం పోయింది?" "మన జనానికి క్రమశిక్షణ లేదండీ." "ప్రాణం కన్నా రైలెక్కువా?" తిట్లన్నీ పడబోయినవాడికే. ఆ మనిషి అంతకుముందు పావుగంట ఎక్కడున్నాడో వీడియోలో కనబడదు. గంట ముందే వచ్చి, బోర్డు మీద చూసిన ప్లాట్‌ఫారం మీదే సామాన్లు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడేమో ఎవరికి తెలుసు?

మన స్టేషన్లలో జరిగే పరుగుల్లో చాలా భాగం ఆలస్యంగా వచ్చినవాళ్ళవి కావని నేను గట్టిగా నమ్ముతున్నాను. సికింద్రాబాద్‌లోనో, విజయవాడలోనో, కాజీపేటలోనో ఓ సాయంత్రం కూర్చుని చూడండి. జనం బెంచీల మీద, నేల మీద పరుచుకున్న దుప్పట్ల మీద స్థిమితంగానే ఉంటారు. పులిహోర పొట్లాలు విప్పుతుంటారు, పిల్లలకి పాలు పడుతుంటారు. స్పీకర్లో "దయచేసి వినండి" అనగానే సగం మంది లేచి నిలబడతారు. రైలు నంబరు ఒక్కో అంకె చదువుతుంటే మనది కాదనుకున్నవాళ్ళు మళ్ళీ కూర్చుంటారు. మనదే అనుకున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి వింటారు, ఎందుకంటే అసలు సంగతి వాక్యం చివర్లో గానీ రాదు. "నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చుచున్నది." అంతే, ఒకటో ప్లాట్‌ఫారం మీద ఉన్న వందల మంది ఒక్కసారిగా మెట్ల మీద పడతారు. సంచులు, ట్రాలీ సూట్‌కేసులు, చంకలో పిల్లలు, చేతికర్రలు. వీళ్ళలో ఆలస్యంగా వచ్చినవాళ్ళెవరు?

వీళ్ళని పరుగెత్తించింది బోర్డు. అందుకే నేను అడుగుతున్నది ఒక్కటే. బోర్డు మీద ఒకసారి ప్లాట్‌ఫారం నంబరు వేశాక అది ప్రయాణికుడికి ఇచ్చిన మాట కావాలి. తప్పనిసరై మార్చాల్సి వస్తే, అవతలి ప్లాట్‌ఫారం దాకా మామూలు మనిషి నడిచి వెళ్ళేంత సేపు రైలు కదలకూడదు.

అసలు చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం ఎందుకు మారుతుందో తెలిస్తే మనకి కోపం కాస్త తగ్గుతుంది, పట్టుదల పెరుగుతుంది. పెద్ద జంక్షన్లలో ఏ రైలుకి ఏ లైను అన్నది ముందే ఒక పట్టికగా రాసుకుని ఉంటారు. అన్ని బళ్ళూ వేళకి నడిస్తే ఆ పట్టిక ప్రకారమే సాగిపోతుంది. ఒక బండి నలభై నిమిషాలు లేటైందనుకోండి, దానికోసం పెట్టుకున్న లైను మీదికి తర్వాతి బండి వచ్చేస్తుంది. ఇప్పుడీ లేటు బండికి ఇంకో ఖాళీ లైను చూడాలి. ఆ లైను మీద పార్సిలు ఎక్కించడం అవ్వలేదంటే మరొకటి వెతకాలి. పట్టాలనీ సిగ్నళ్ళనీ నడిపే ప్యానెల్ దగ్గరున్న స్టేషన్ మాస్టరు, ఆ మార్గంలో బళ్ళ రాకపోకలు చూసే సెక్షన్ కంట్రోలర్‌తో మాట్లాడి, రూటు సెట్ చేసి, స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ ఇస్తాడు. ఆ క్షణంతో ఆ రైలు ఎక్కడికి రావాలో ఖాయమైపోతుంది. పట్టాలనీ సిగ్నళ్ళనీ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ ఉంటుంది కాబట్టి సిగ్నల్ ఇచ్చాక చీటికీ మాటికీ మార్చడానికి వీలుండదు కూడా. బోర్డు మాత్రం చాలా చోట్ల దానంతటది మారదు. ప్యానెల్ గది నుంచి అనౌన్స్‌మెంట్ గదికి ఫోన్ రావాలి. అక్కడి మనిషి అప్పటికే ఇంకో మూడు రైళ్ళ సంగతి చూస్తుంటాడు. అతను కంప్యూటర్లో నంబరు మార్చాక గానీ స్పీకర్లోకీ బోర్డు మీదికీ ఆ కబురు రాదు. ఈలోపు రైలు ఔటర్ దాటి లోపలికి వచ్చేస్తుంది.

అంటే రైలు ఎటొస్తుందో స్టేషన్లో ఎవరికీ తెలియక ఈ పరుగులు రావడం లేదు. ఒక గదిలో తెలిసిన సంగతి వందల మంది నిలబడ్డ చోటికి చేరేసరికి ఆలస్యమవుతోంది.

ఆ సంగతి నేను కళ్ళారా చూశాను. పెదనాన్ననీ పెద్దమ్మనీ వెంటబెట్టుకుని మా చుట్టాలింట్లో పెళ్ళికి బయల్దేరాం. ఊరి పేరు ఎందుకులెండి, కోస్తా లైనులో ఓ జంక్షను. బోర్డు మీద ఒకటో నంబరు అని ఉంది. పెదనాన్నకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది కాబట్టి ఒకటో నంబరే అని తెలిసి అందరం సంతోషించాం. బోగీ సుమారుగా ఎక్కడ ఆగుతుందో కనుక్కుని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టాం. కాసేపటికి ఎర్ర చొక్కా వేసుకున్న పోర్టరు ఒకాయన మా దగ్గరికి వచ్చి, "విశాఖ బండేనా బాబూ? లేవండి, నాలుక్కొస్తంది," అన్నాడు.

"బోర్డు మీద ఒకటనే ఉంది కదా బాబాయ్?"

"బోర్డుకింకా తెలీదు బాబూ. టీలోళ్ళెల్లిపోయారు, అటు సూడండి."

చూస్తే నిజమే. అంతసేపూ మా పక్కనే తిరుగుతున్న టీ క్యానుల వాళ్ళు, సమోసాల బుట్ట అతను, నీళ్ళ సీసాల కుర్రాడు ఒకరి వెనక ఒకరు ఫుటోవర్ బ్రిడ్జి ఎక్కేస్తున్నారు. వాళ్ళకి ఎవరు చెప్పారో గానీ బోర్డు కన్నా ముందే కబురు అందింది. ఆ పోర్టరు మా పెట్టెలు రెండు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. మేం పెదనాన్నని చెరోపక్క పట్టుకుని మెట్లెక్కించాం. సగం మెట్ల మీద ఉండగా స్పీకర్లో చెప్పారు. అప్పుడు వెనకనుంచి వచ్చిన జనాన్ని చూడాలి! పెదనాన్న రెయిలింగుని రెండు చేతులతో పట్టుకుని అలాగే గోడకి ఆనుకుపోయాడు. ఎవరూ కావాలని తోయడం లేదు. అందరికీ ఒకటే టెన్షన్. పెద్దమ్మ, "మీరెళ్ళి ఎక్కండ్రా, మేం తర్వాత బండికొస్తాం," అంది. తర్వాతి బండికి మా దగ్గర టికెట్లు ఎక్కడున్నాయి? చివరికి కనబడ్డ మొదటి బోగీలోకి వాళ్ళిద్దర్నీ ఎక్కించి, బండి కదిలాక లోపలినుంచే నడిపించుకుంటూ మా సీట్ల దాకా తీసుకెళ్ళాం. ఆ పోర్టరు వచ్చి చెప్పకపోతే ఆ రైలు మాకు దక్కేది కాదు.

టీ అమ్మేవాళ్ళకి తెలిసిన సంగతి టికెట్టు కొనుక్కున్నవాళ్ళకి తెలియడానికి కొత్త యంత్రాలేమీ కనిపెట్టక్కర్లేదు. సిగ్నల్ ఇచ్చిన క్షణానే ప్యానెల్ నుంచి బోర్డుకి నేరుగా సమాచారం వెళ్ళాలి. మధ్యలో ఫోనూ, మనిషీ ఉండకూడదు. రైళ్ళు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి రైల్వే ఇస్రోతో కలిసి ఇంజన్లకి ఉపగ్రహ పరికరాలు పెట్టింది. ఆర్‌టీఐఎస్ అంటారు. ముప్ఫై సెకన్లకోసారి ఇంజన్ ఎక్కడుందో, ఎంత వేగంతో వెళ్తోందో చెబుతుంది. నడి అడవిలో ఉన్న ఇంజన్ జాడ ఆకాశం నుంచి పట్టుకోగలిగిన సంస్థకి ప్యానెల్ గదినుంచి ప్లాట్‌ఫారం బోర్డు దాకా ఒక అంకె పంపడం కష్టమంటే నేను నమ్మను.

ప్లాట్‌ఫారం తర్వాత నన్ను ఎక్కువ కలవరపెట్టేది బోగీ స్థానం. పెద్ద జంక్షన్లలో బండి పది, పదిహేను నిమిషాలు ఆగుతుంది కాబట్టి ఎలాగో సర్దుకోవచ్చు. తాడేపల్లిగూడెం, సామర్లకోట, తుని లాంటి స్టేషన్ల సంగతి వేరు. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఒకటి రెండు నిమిషాలే ఆగుతాయి. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ రకం బోగీ ఒక్కోటి సుమారు 24 మీటర్ల పొడవు. 22 బోగీల రైలంటే అర కిలోమీటరు దాటింది. మీ బోగీ ఇంజన్ వైపు ఉందనుకుని అక్కడ నిలబడ్డారు, తీరా చూస్తే అది తోక వైపుంది. సామాను మోస్తూ నడిచే పెద్దవాళ్ళు సెకనుకి ఒక మీటరు నడిస్తే గొప్ప. ఈ చివరినుంచి ఆ చివరికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. రైలు ఆగేది రెండు నిమిషాలు. ఎంత క్రమశిక్షణ ఉన్న మనిషైనా ఈ లెక్కని పరుగెత్తకుండా దాటలేడు.

బోగీల వరస తారుమారవడం మన వైపు మరీ ఎక్కువ. విజయవాడలో, విశాఖపట్నంలో కొన్ని రైళ్ళకి ఇంజన్ అటునుంచి ఇటు మారుతుంది. అక్కడిదాకా ముందున్న బోగీ ఆపైన వెనక్కి పోతుంది. విజయవాడకి ముందు ఎక్కే వాళ్ళకి ఒక వరస, దాటాక ఎక్కే వాళ్ళకి ఇంకో వరస. ఫోన్లో యాప్ చూపించే వరస చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది, కానీ ఎడమ నుంచి కుడికి చదవాలా, కుడి నుంచి ఎడమకి చదవాలా అన్నది ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికి తెలియాలి కదా. రైలు ఏ దిక్కునుంచి వస్తోందో కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? తల పైన బోగీ నంబర్లు చూపించే చిన్న బోర్డులు ఉంటాయి. అవి వెలిగితే అంతకన్నా సుఖం లేదు. రైలు కనుచూపు మేరలోకి వచ్చాక వెలిగితే మాత్రం దాన్ని చూసి పరుగు మొదలుపెట్టడమే మిగులుతుంది. చిన్న స్టేషన్లలో ఆ బోర్డులే ఉండవు. తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు, "ఎస్ ఫోర్ అయితే ఆ నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడండమ్మా," అని చెబుతారు. అక్కడ ఎంతోమంది ఆ నీళ్ళ ట్యాంకుని నమ్ముకునే ప్రయాణం చేస్తున్నారు.

టైము సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే బోర్డు అనగానే అందరూ ముందు అడిగేది అదే. రైలు ఎంత లేటు? మన టైమ్ టేబుల్లో ఒక చమత్కారం ఉంది. పెద్ద స్టేషన్ చేరే ముందు చివరి ఇరవై, పాతిక కిలోమీటర్లకి చాలా రైళ్ళకి ఎక్కువ సమయం రాసి ఉంచుతారు. దారిలో పట్టాల పనుల వల్లా, ఇతర కారణాల వల్లా పోయిన సమయాన్ని అక్కడ పూడ్చుకోవడానికి. పద్ధతిగా చూస్తే అందులో తప్పేమీ లేదు. దాని ఫలితం మాత్రం ప్రయాణికుడి నెత్తిన పడుతోంది. మీ స్టేషన్ పెద్ద జంక్షన్ అయితే, ఇంట్లో కూర్చుని యాప్ చూస్తే రైలు నలభై నిమిషాలు లేటని ఉంటుంది. సరే, తీరుబడిగా భోంచేసి బయల్దేరదామనుకుంటారు. ఆ బండి చివరి పాతిక కిలోమీటర్లలో పోయిన సమయమంతా పూడ్చుకుని పది నిమిషాల లేటుతో వచ్చేస్తుంది. మీరింకా ఆటోలోనే ఉంటారు. ఇంకోరోజు అదే భయంతో ముందే వెళ్ళి కూర్చుంటే, బండి ఔటర్లో అరగంట ఆగిపోతుంది. స్టేషన్ బోర్డు ఒక టైము చెబుతుంది, రైల్వే విచారణ నంబరు 139కి ఫోన్ చేస్తే ఒకటి చెబుతారు, యాప్ ఇంకోటి చెబుతుంది. తలా ఒక మాట చెబుతుంటే ఏ మనిషైనా అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే మాటే నమ్మి పరుగెత్తుతాడు.

అయినా నా లెక్కలో టైము రెండో సమస్య. రైలు గంట లేటైతే విసుక్కుంటూ కూర్చుంటాం. కూర్చున్నవాళ్ళెవరూ రైలు కిందపడి చావరు. ప్లాట్‌ఫారం మారితేనే మెట్ల మీద తొక్కిసలాట అవుతుంది.

2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్లో కుంభమేళాకి వెళ్ళే జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగ్‌రాజ్ స్పెషల్ అని పేర్లు ఒకేలా ఉండటంతో, అనౌన్స్‌మెంట్ విన్న జనం తమ బండి వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని పొరబడ్డారని ఢిల్లీ పోలీసులు చెప్పినట్టు వార్తలొచ్చాయి. ప్లాట్‌ఫారం మార్చనేలేదని రైల్వే అంది. మెట్ల మీద ఒక ప్రయాణికుడి నెత్తి మీది మూట పడటం వల్ల తొక్కిసలాట మొదలైందని తర్వాత రైల్వే మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఈ రెండు వాదనల్లో ఏది నిజమైనా నాకు కనబడేది ఒకటే, మెట్ల మీద ఒక మూట జారితే 18 ప్రాణాలు పోయేంతగా జనం అక్కడ ఎందుకు కిక్కిరిసి ఉన్నారు? అదే స్టేషన్లో 2010 మే నెలలో చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చడంతో జరిగిన తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. 2013 ఫిబ్రవరి 10న, మౌని అమావాస్య రోజు, అలహాబాద్ స్టేషన్లో ముప్ఫై మందికి పైగా పోయారు. అప్పుడు కూడా ఆఖరి క్షణంలో ప్లాట్‌ఫారం మారిందన్న ప్రకటన గురించే జనం చెప్పుకున్నారు. ప్రతిసారీ విచారణ జరుగుతుంది, పరిహారం ప్రకటిస్తారు, కొన్నాళ్ళు ప్లాట్‌ఫారం టికెట్ల అమ్మకం ఆపుతారు. 2025 ఘటన తర్వాత రద్దీ స్టేషన్లలో జనం ఆగడానికి బయట శాశ్వతంగా షెడ్లు కడతామన్నారు. కట్టాలి, మంచిదే. ఆ షెడ్డులో ఉన్నవాళ్ళకి ఏ ప్లాట్‌ఫారమో చివరి పది నిమిషాల్లో చెబితే మాత్రం ఇప్పుడు మెట్ల దగ్గర జరిగే తోపులాట షెడ్డు గుమ్మం దగ్గర జరుగుతుంది.

లండన్‌లోని యూస్టన్ స్టేషన్లో ఇలాంటి కథే నడిచింది. అక్కడ జనమంతా హాల్లో నిలబడి పెద్ద బోర్డు వైపు చూస్తుంటారు. ప్లాట్‌ఫారం నంబరు ఆఖర్లో వేసేవాళ్ళు, వెయ్యగానే అందరూ ఒక్కసారి దూకేవాళ్ళు. ఆ పరుగుకి యూస్టన్ పేరే పెట్టారు. 2023లో రైల్వే భద్రత చూసే అక్కడి నియంత్రణ సంస్థ రద్దీ విషయంలో నోటీసు ఇచ్చింది. 2024 అక్టోబరులో గొడవ మరీ పెరిగాక, హాల్లో పెట్టిన భారీ ప్రకటనల తెరని ఆపేశారు. రైలు ఎక్కడానికి పిలిచే సమయాన్ని ముందుకు జరుపుతామన్నారు. మంత్రి దాకా వెళ్ళిన ఆ వ్యవహారంలో ప్రయాణికులదే తప్పని తేల్చి చేతులు దులుపుకోలేదు.

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌లో ఇంకో ఏర్పాటుంది, నాకు చాలా ఇష్టమైనది. అక్కడి మెట్రో నార్త్ అనే ఉపనగర రైళ్ళు బోర్డు మీద చూపిన సమయానికి ఒక నిమిషం తర్వాత బయల్దేరతాయి. చివర్లో వచ్చేవాళ్ళు పాలరాతి నేల మీద పరుగెత్తి పడిపోకుండా ఆ నిమిషం దాచిపెట్టారు. కచ్చితత్వం అనే కొలబద్దతో చూస్తే ఆ బోర్డు తప్పు చెబుతోంది. కానీ ప్రయాణికుడికి నష్టం కలిగించే వైపు ఆ తప్పు ఎన్నడూ జరగదు. జపాన్‌లో 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ ఒక స్టేషన్‌లో 20 సెకన్లు ముందు బయల్దేరినందుకు కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. మనవాళ్ళు ఆ వార్త చదివి నవ్వుకున్నారు గానీ ఆ క్షమాపణ వెనక ఉన్నది చాలా పెద్ద విషయం. లేటైతే ప్రయాణికుడి సమయం పోతుంది. ముందు వెళ్ళిపోతే రైలే పోతుంది.

ఈ విలువ మన రైల్వేకి కూడా తెలుసు. ప్రకటించిన సమయం కన్నా ముందు ప్రయాణికుల బండిని స్టేషన్ నుంచి పంపకూడదన్నది మన రైల్వే నియమాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. బండి ముందే వచ్చినా సరే, టైమయ్యేదాకా నిలబడి ఉంటుంది. బయల్దేరడానికిచ్చే స్టార్టర్ సిగ్నల్ ఇవ్వరు, గార్డు పచ్చజెండా ఊపడు. 2022 నుంచి ఆయన్ని ట్రైన్ మేనేజరు అంటున్నారు. ఎంత రద్దీ సెక్షనైనా ఈ నియమం దాటరు, ఎందుకంటే టైము చూసుకుని వచ్చినవాడికి అన్యాయం జరుగుతుంది కాబట్టి. మరి ప్లాట్‌ఫారం చూసుకుని కూర్చున్నవాడికి జరిగేది అన్యాయం కాదా? టైముకి వర్తించే న్యాయమే ప్లాట్‌ఫారానికీ వర్తించాలి. నంబరు మార్చినట్టు ప్రకటించిన క్షణం నుంచి ఇన్ని నిమిషాల లోపు స్టార్టర్ ఇవ్వకూడదని నియమం రాయాలి. ఎన్ని నిమిషాలన్నది ఆ స్టేషన్ ఫుటోవర్ బ్రిడ్జి మీద కర్ర పట్టుకుని నడిచే మనిషిని నడిపించి కొలవాలి. ప్రతి స్టేషన్‌కీ ఒక అంకె వస్తుంది. ఆ అంకె ప్లాట్‌ఫారం గోడ మీద అందరికీ కనబడేలా రాసిపెట్టాలి.

"అలా ఆపుకుంటూ పోతే వెనకున్న బళ్ళన్నీ లేటవుతాయి" అంటారు. విజయవాడ లాంటి చోట ఒక ప్లాట్‌ఫారం మూడు నిమిషాలు ఎక్కువ ఆక్రమించుకుంటే వెనక ఇబ్బందే, కాదనను. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? కుటుంబంలో సగం మంది ఎక్కి సగం మంది కింద ఉండిపోతే లోపలున్నవాళ్ళు ఏం చేస్తారు? చైను లాగుతారు. లాగగానే బ్రేకు పైపులో గాలి ఒత్తిడి పడిపోతుంది. ఏ బోగీలో లాగారో వెతకాలి, అక్కడికి వెళ్ళి సరిచెయ్యాలి, మళ్ళీ ఒత్తిడి నిండాలి, అప్పుడు గానీ బండి కదలదు. మూడు నిమిషాలు ఆపనందుకు అంతకు రెండు మూడింతలు పోగొట్టుకుంటున్నాం, పైగా చైను లాగినవాళ్ళ మీద కేసు. ఆపవలసి వస్తుందని తెలిస్తే ప్యానెల్ దగ్గరున్నవాళ్ళు కూడా అవసరమైతే తప్ప ప్లాట్‌ఫారం మార్చరు. ఇప్పుడు ఆ మార్పుకయ్యే ఖర్చంతా ప్రయాణికుడి మోకాళ్ళే భరిస్తున్నాయి. రైల్వే లెక్కల్లో అది ఒక్క నిమిషంగా కూడా నమోదవ్వదు.

"యాప్ చూసుకోవచ్చు కదా" అనేది రెండో మాట. యాప్‌లో ముందుగా కనబడే ప్లాట్‌ఫారం నంబరు చాలాసార్లు మామూలుగా వచ్చే నంబరు, ఈరోజు వచ్చేది కాకపోవచ్చు. అసలు జనరల్ బోగీలో వెళ్ళే కూలీ, పాలమూరు నుంచి పనికి వెళ్ళే కుటుంబం, మునుమనవరాలి బారసాలకి ఒంటరిగా బయల్దేరిన ముసలావిడ, వీళ్ళందరికీ ఫోన్‌లో డేటా ఉందా లేదా అన్నదాని మీద వాళ్ళ ప్రాణం ఆధారపడకూడదు. స్టేషన్లో గోడ మీద బోర్డు ఉన్నది వీళ్ళ కోసమే.

న్యాయస్థానాలు ఈ విషయంలో మనకన్నా దయగా ఆలోచించాయి. 2018 మేలో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు, రైలు ఎక్కుతూ గానీ దిగుతూ గానీ పడి చనిపోతే, గాయపడితే అది చట్టం చెప్పిన 'అనుకోని సంఘటన' కిందికే వస్తుందని, కేవలం అజాగ్రత్తగా ఉన్నాడన్న కారణం చూపి పరిహారం ఎగ్గొట్టకూడదని చెప్పింది. 2017 నుంచి మరణానికి ఆ పరిహారం 8 లక్షల రూపాయలు. పడిన మనిషినే తిట్టే మన అలవాటుకి ఆ తీర్పు ఒక జవాబు. కానీ 8 లక్షలు చేతికొచ్చేది మనిషి పోయాక. పరుగెత్తి కూడా రైలు అందుకోలేక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్ళకి టికెట్టు డబ్బు కూడా దక్కదు, ప్లాట్‌ఫారం మార్చింది తాము కాకపోయినా.

ఇంకో మార్పు కూడా ఇప్పుడే ఆలోచించాలి. వందే భారత్ రైళ్ళకి తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. సికింద్రాబాద్, విశాఖ మధ్య అది 2023 జనవరి 15న మొదలైంది. మూసుకున్న తలుపు పట్టుకుని వేలాడటం కుదరదు కాబట్టి ఒక రకంగా అది ప్రాణాలు కాపాడుతుంది. అయితే బోర్డు మీద ఉన్న టైము రైలు కదిలేది, మన చేతుల్లోంచి రైలు జారిపోయేది తలుపు మూసుకున్నప్పుడు. అలాంటి బళ్ళకి తలుపులు మూసే సమయాన్నే పెద్ద అక్షరాలతో చూపించాలి.

సికింద్రాబాద్ స్టేషన్‌ని సుమారు 700 కోట్లతో కొత్తగా కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ పనుల కోసం చాలా రైళ్ళని చర్లపల్లికీ మరో చోటికీ మార్చారు. ఏ రైలు ఏ స్టేషన్ నుంచన్నదే తెలియక తప్పు స్టేషన్‌కి వెళ్ళి, అక్కడినుంచి ఆటోలో ఉరుకుల పరుగుల మీద ఇంకో స్టేషన్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. కొత్త భవనంలో ఎస్కలేటర్లు, లిఫ్టులు, విశాలమైన హాలు అన్నీ వస్తాయి. ఆ హాల్లో వేలాడదీసే బోర్డుకి ప్యానెల్ నుంచి నేరుగా సమాచారం వచ్చేలా ఇప్పుడే పెట్టించకపోతే, గోడలు లేచాక మళ్ళీ ఎప్పటికి పెడతారు? విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ని 2019లో ప్రకటించారు, 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. కొత్త జోన్ కాబట్టి పాత అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. ఇలాంటి నియమాన్ని మొదటగా అక్కడ అమల్లో పెట్టి చూపించవచ్చు.

జనరల్ మేనేజర్లు ఎంపీలతో సమావేశాలు పెట్టినప్పుడల్లా మనవాళ్ళు అడిగేవాటి జాబితా పేపర్లో వస్తుంది. ఫలానా ఎక్స్‌ప్రెస్‌కి మా ఊళ్ళో హాల్టు, ఫలానా రైలు పొడిగింపు, కొత్త వందే భారత్. అవన్నీ అడగాల్సినవే. వాటితోపాటు మీ నియోజకవర్గంలో రెండు నిమిషాల హాల్టున్న ప్రతి స్టేషన్‌లో బోగీ బోర్డులు పెట్టించమని అడగండి. రైలు రావడానికి కనీసం పావుగంట ముందే అవి వెలగాలని అడగండి. ప్లాట్‌ఫారం మార్చిన ప్రతిసారీ ఎన్ని నిమిషాల ముందు చెప్పారో నమోదు చేసి, స్టేషన్ల వారీగా ఆ లెక్క నెలనెలా బయటపెట్టమని అడగండి. రైల్వే ప్రయాణికుల సలహా సంఘాల్లో ఉన్నవాళ్ళు, డివిజన్ స్థాయిలో గానీ జోన్ స్థాయిలో గానీ, ఇదే లెక్క రాతపూర్వకంగా అడగొచ్చు. మామూలు ప్రయాణికులం మనం రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు బాత్రూమ్ శుభ్రంగా లేదని రాసినట్టే, ఫలానా రైలుకి ఫలానా తేదీన ప్లాట్‌ఫారం మార్పు రైలు వచ్చాక చెప్పారని టైముతో సహా రాయాలి.